జిమ్ ఫామ్ వెనక పేజీ

పోయిన సద్దుల బతుకమ్మకు ముందు, హన్మకొండలో మా ఇంటి దగ్గరి జిమ్ వాళ్లు వాట్సాప్‌లో ఒక పోస్టర్ పంపారు. సాయంత్రం 5 నుంచి 7 వరకు ఆడవాళ్లకే, లేడీ ట్రైనర్ ఉంటుంది, ఏడాదికి 12,000. జిమ్ముల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, అందుకే ఈ రేటు అన్నారు. మోకాళ్ల నొప్పికి బరువు తగ్గమని డాక్టర్ అప్పటికే రెండుసార్లు చెప్పారు. బడి నుంచి వచ్చేసరికి నాలుగున్నర అవుతుంది, టైమ్ కుదిరింది. ఫోన్‌పేలో కట్టేశాను. ఫామ్ మీద సంతకం పెట్టేటప్పుడు వెనక పేజీ తిప్పలేదు. పిల్లలకు మాత్రం ప్రశ్నపత్రం రెండువైపులా చూసుకోండర్రా అని ఏటా చెప్తాను!

నాలుగు నెలలు బాగానే నడిచింది. జనవరి చివర ట్రైనర్ అమ్మాయి మానేసింది. ఫిబ్రవరి మొదట్లో వెళ్తే లేడీస్ బ్యాచ్ ఎత్తేశామన్నారు, అందరితో కలిపి చేసుకోమన్నారు. మిగతా ఎనిమిది నెలల డబ్బు అడిగితే అక్కడి అతను ఫామ్ తిప్పి చూపించాడు. చీమ తలకాయంత అక్షరాల్లో, ‘కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు’. పోనీ మా వదిన పేరు మీదికి మార్చమంటే దానికి ఇంకో 2,000 అట.

“మీరే సంతకం పెట్టిండ్రు కదా మేడమ్.”

ఆ మాటకు నా నోరు మూతపడింది. మా ఆయనేమో, “పోతే పోనియ్యి, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతరు” అన్నారు.

సుబేదారిలో లా చదివే మా అక్క కూతురు ఆదివారం వచ్చింది. అది ఫామ్ పక్కన పడేసి, “చిన్నమ్మా, ఆ పోస్టర్ ఉందా? బిల్లు ఇచ్చిండ్రా?” అని అడిగింది. పోస్టర్ ఉంది. బిల్లు లేదు, ఓనర్ సొంత ఖాతాకు పోయిన ఫోన్‌పే రసీదే ఉంది. అది నవ్వింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అట. ఆడవాళ్ల బ్యాచ్ అని డబ్బు తీసుకుని దాన్ని ఎత్తేయడం సేవాలోపం. ‘ఈ ఒప్పందమే అన్యాయం, కొట్టేయండి’ అని అడగాలంటే హైదరాబాద్‌లోని రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు పోవాలి. సేవాలోపం అని రాస్తే జిల్లా కమిషనే చాలు. 5 లక్షల లోపు కట్టిన వాటికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, రెండేళ్ల లోపు వేయొచ్చు. ఇన్నేళ్ల సర్వీసులో ఇందులో ఒక్క ముక్క నాకు తెలియదు.

న్యూయార్క్‌లో ఉండే మా తమ్ముడికి ఫోన్‌లో ఇదంతా చెప్తే, అక్కడ జిమ్ ఒప్పందాలకు విడిగా చట్టమే ఉందన్నాడు. రాసుకున్న 3 రోజుల్లో వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు, 25 మైళ్లు దాటి ఇల్లు మారినా చేసుకోవచ్చు. మన దగ్గర జిమ్ములకంటూ అలాంటిది లేదు, ఈ 2019 చట్టమే దిక్కు.

ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాను. తెలుగులోనే మాట్లాడారు. తర్వాత ఒకటిన్నర పేజీ నోటీసు రాసి, పోస్టర్ ప్రింటు, రసీదు జతచేసి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టులో పంపాను. పదిహేను రోజుల్లో 8,000 ఇవ్వకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్తానని చివర్లో రాయించింది మా అక్క కూతురు. నేను ‘దయచేసి’ అని ఒకచోట పెడితే కొట్టేసింది.

పన్నెండో రోజు ఓనరే ఫోన్ చేశాడు. జాయినింగ్ చార్జీ కింద 1,500 పట్టుకుంటామన్నాడు. అసలు అలాంటి చార్జీ ఉందని ఎవరూ చెప్పలేదు, ఫామ్‌లో కూడా లేదు. గట్టిగా నిలబడితే అదీ వచ్చేదే. కానీ టెన్త్ పరీక్షల డ్యూటీ నెత్తిమీద ఉంది, సరేనన్నాను. 6,500 ఖాతాలో పడ్డాయి. మా పిల్ల వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు భద్రకాళి బండ్ మీద నడుస్తున్నాను. నిన్న అక్కడే వదిన కలిసి, కాజీపేటలో ఇంకో జిమ్ పెట్టారు, ఇద్దరం చేరితే సగం రేటట అంది. నెలనెలా కట్టించుకుంటారేమో కనుక్కో వదినా అన్నాను.