అశోకవనంలో చెట్టు

సీతమ్మకి ఇంకా కళ్లు కూడా పెట్టలేదు, నాకు అప్పుడే గొంతు పూడుకుపోయింది.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక అక్క వాళ్లింట్లో ఉన్నా ఈపొద్దు. అశోకవనం గీస్తోంది. మనిషిని పక్కన పెట్టి ముందు శింశుపా వృక్షం మొదలుపెట్టింది. కొమ్మలన్నీ ఒకవైపుకే ఒంగిపోయి, ఆకులన్నీ నేలచూపులు. పక్కనే ఇంకో గుడ్డ మీద బృందావనం. అదే చెయ్యి గీసిన తీగలు అక్కడ ఒకదాన్నొకటి అల్లుకుని పైపైకి పోతున్నాయి!

"మొహం రేపు గీస్తాలే, చెట్టుకే టైమ్ ఎక్కువ పడుతుంది" అంది, తలెత్తకుండా.

కలమంటే వెదురుపుల్లే. మొనకి కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో కట్టుంటుంది. అక్కడ వేళ్లతో కాస్త నొక్కితే రంగు దిగుతుంది. బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుము రోజుల తరబడి నానితే వచ్చే నలుపు అది. గీసినప్పుడు పలచగానే ఉంది. కరక్కాయ, పాలలో నానిన గుడ్డ కదా, చూస్తుండగానే చిక్కబడింది. మనసుకి తగిలిన దెబ్బ కూడా అంతే, ఆ క్షణాన పెద్దగా తెలీదు. తర్వాతే ముదురుతుంది.

ఎరుపుకి మంజిష్ఠ వేరు, పటిక. నీలానికి నీలిమందు. చెట్టూచేమా ఇచ్చిన రంగులతోనే చెట్టు దిగులు గీయడం నాకెంత నచ్చిందో చెప్పలేను.

కలంకారీ కొనేటప్పుడు మనం అంచు చూస్తాం, దేవుడి మొహం చూస్తాం. ఈసారి కాళహస్తి దర్శనానికి వెళ్తే ఏదో ఒక షాపులో కాసేపు నిలబడి, బొమ్మ వెనకున్న చెట్టుని చూడండి. ఏమనిపించిందో నాకు చెప్పండి, ప్లీజ్.