కొండ ఎత్తు వేరు, తీగ ఎత్తు వేరు

కొండ ఎక్కితే రేడియో సంకేతం దూరం పోతుందన్న మాట వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్ దాకా ఉండే ఫ్రీక్వెన్సీలు) విషయంలో నిజమే. 80 మీటర్ల బ్యాండు (తరంగదైర్ఘ్యం సుమారు 80 మీటర్లుండే హామ్ రేడియో తరంగాలు) కోసం ఎక్కినప్పుడు మాత్రం లెక్కకు వచ్చేది కొండ ఎత్తు కాదు, పాదాల కింది నేల నుంచి యాంటెన్నా తీగకు ఉన్న ఎత్తు.

దారి గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. చిరాకు పైకి చేరాకే మొదలైంది. పటంలో విశాలంగా కనిపించిన చదును, బండలకూ ముళ్లపొదలకూ మధ్య ఇరుకైన పట్టీగా తేలింది. నా దగ్గరున్నది 3.6 మెగాహెర్ట్జ్‌కు కోసిన 39.7 మీటర్ల డైపోల్, అంటే మధ్యలో రేడియోకు కలిపే రెండు సమాన సగాల తీగ యాంటెన్నా. శూన్యంలో అర్ధతరంగం (తరంగదైర్ఘ్యంలో సగం) 41.6 మీటర్లు అయినా, చివరల ప్రభావం వల్ల 143ను మెగాహెర్ట్జ్‌లలోని ఫ్రీక్వెన్సీతో భాగించి తీగ కోయడం ఆనవాయితీ. ఇంటి దగ్గర ఎత్తైన రెండు ఆధారాల మధ్య తిన్నగా వేలాడినప్పుడు ఆ కొలత చక్కగా సరిపోయింది. ఇక్కడ 9 మీటర్ల గడ ఒక్కటే ఆధారం కనుక, మధ్యభాగాన్ని దానికి కట్టి తీగ రెండు చేతులనూ (రెండు సగాలనూ) తిరగేసిన వీ ఆకారంలో వాలుగా దించాను. ప్రసార సమయంలో చివరల దగ్గర వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, అవి మనిషి చేతికి అందకుండా 3 మీటర్ల ఎత్తులో ఆపాను. యాంటెన్నాను కొలిచే ఎనలైజర్ పెట్టి చూస్తే అనునాదం (తీగ బాగా స్పందించే ఫ్రీక్వెన్సీ) 3.52 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది. చివరలు నేలకు దగ్గరైతే కెపాసిటెన్స్ పెరిగి ఫ్రీక్వెన్సీ దిగుతుంది.

అటుగా వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "ఇంత ఎత్తుకు వచ్చాక మళ్లీ ఈ గడ ఎందుకండీ?" అని అడిగారు. ఆ ప్రయాణంలో నాకు ఎదురైన ఉత్తమమైన ప్రశ్న అదే. తరంగదైర్ఘ్యం 83 మీటర్లు, తీగ ఎత్తు అందులో తొమ్మిదో వంతు; కాబట్టి శక్తిలో ఎక్కువ భాగం నిట్టనిలువుగా పైకి పోయి, అయనోస్ఫియర్ (పై వాతావరణంలోని విద్యుదావేశిత పొర) నుంచి తిరిగి వచ్చి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర పడుతుందనీ, ఖండాంతరాలకు తక్కువ కోణంలో పంపాలంటే తీగ నేలకు 40 మీటర్ల ఎత్తున ఉండాలనీ చెప్పాను. ఆయన గడను కింది నుంచి పైదాకా చూసి, తాడు పట్టుకోవడానికి తానే ముందుకు వచ్చారు.

ఉన్న పొడవును 3.52తో గుణించి 3.60తో భాగిస్తే 38.8 మీటర్లు వస్తుంది. అంటే ఒక్కో చేతికి 44 సెంటీమీటర్లు తగ్గించాలి. కోసిన తీగ మళ్లీ అతకదు కనుక, తొడుగు లేని ఆ చివరలను వెనక్కి మడిచి తీగకే చుట్టాము. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే కొలత) దిగింది, సాయంత్రం దగ్గరి స్టేషన్లు బలంగా వినిపించాయి.

160 మీటర్ల బ్యాండుకు, అంటే 1.85 మెగాహెర్ట్జ్‌కు, డైపోల్ 77 మీటర్లు కావాలి. ఆ పట్టీలో అది అసాధ్యం. అక్కడ పట్టేది 38.5 మీటర్ల పాదతరంగ (తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగో వంతు) తీగ మాత్రమే: గడ వెంట 9 మీటర్లు నిలువుగా, మిగతాది అడ్డంగా, తలకిందుల ఎల్ ఆకారంలో. దానికి అడుగు నుంచి చుట్టూ నేల మీద పరిచే రేడియల్ తీగలు ఎన్ని ఎక్కువైతే భూమిలో పోయే నష్టం అంత తగ్గుతుంది. ఈసారి వెళ్లేటప్పుడు సంచిలో ఎక్కువ బరువు వాటిదే.