ఇంటి లాప్‌టాప్‌లో మెయిన్‌ఫ్రేమ్ తెర: 3270 ఎమ్యులేటర్ ఎంచుకున్న నా అనుభవం

పిల్లల చదువుల కోసం కొన్నేళ్లు ఉద్యోగం మానేసి, ఈమధ్యే మళ్లీ మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి చోట్ల నడిచే భారీ కంప్యూటర్) ఉద్యోగాలకి అప్లై చేయడం మొదలుపెట్టాను. అందులో ప్రోగ్రాములు రాసే కోబాల్, వాటిని నడపమని చెప్పే జేసీఎల్ అమీర్‌పేటలో నేర్చుకున్నవే, ఆ తరవాత ఆఫీసులో రోజూ వాడినవే. బుర్రలో ఉన్నాయి గానీ వేళ్లు మర్చిపోయాయి. ఇంట్లో ప్రాక్టీస్ చేద్దామంటే హెర్క్యులిస్ ఉండనే ఉంది. మెయిన్‌ఫ్రేమ్ హార్డ్‌వేర్‌ని మామూలు కంప్యూటర్‌లో నడిపించే ఉచిత ప్రోగ్రాం అది. దాని మీద పాత ఎంవీఎస్ 3.8 అనే మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టంని సిద్ధంగా అమర్చి టీకే4 అనే ప్యాకేజీగా ఇస్తున్నారు. జిప్ విప్పి, ఒక ఫైల్ నడిపితే సిస్టం లేచి కూర్చుంటుంది. అంతవరకూ తేలికే. అందులోకి లాగిన్ కావడానికి ఏ 3270 ఎమ్యులేటర్ (మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్ తెరని మన కంప్యూటర్‌లో చూపించే ప్రోగ్రాం) పెట్టుకోవాలన్న దగ్గరే టైం పట్టింది.

మా అక్క కొడుకు లైనక్స్ సర్వర్లు చూసే ఉద్యోగంలో ఉన్నాడు. "పుట్టీ ఉందిగా పిన్నీ, మళ్లీ ఇంకోటెందుకు?" అన్నాడు. పుట్టీ (సర్వర్లకి కనెక్ట్ అయ్యే ఉచిత ప్రోగ్రాం) మంచిదే, కానీ అది వీటీ100 అనే పాత టెర్మినల్ వంశంలోది. ఒక్కో అక్షరం కొడుతుంటే ఒక్కోటీ సర్వర్‌కి వెళ్తుంది. 1971లో ఐబీఎం తెచ్చిన 3270 పద్ధతి వేరు. తెర మొత్తం ఒక్కసారే వస్తుంది, అందులో ఎక్కడ రాయొచ్చో ఎక్కడ రాయకూడదో ముందే నిర్ణయమై ఉంటుంది. బ్యాంకులో చలాన్ నింపి కౌంటర్‌లో ఇచ్చినట్టు, మనం అన్నీ రాసి ఎంటర్ కొట్టాకే అవతలికి తెలుస్తుంది. పైగా అక్షరాలు మామూలు కంప్యూటర్లు వాడే ఆస్కీ కోడ్‌లో కాదు, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో ఉంటాయి. అందుకని టీఎన్3270 (ఈ తెరలని నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి) తెలిసిన ఎమ్యులేటరే కావాలి.

ఆఫీసులో అందరికీ అలవాటైనది ఐబీఎం వాళ్ల పర్సనల్ కమ్యూనికేషన్స్. అది కంపెనీలు లైసెన్స్ తీసుకునే సరుకు, ఇంట్లో ఒక్కరి ప్రాక్టీసుకి దండగ. దాని క్రాక్ వెర్షన్లు జిప్ ఫైళ్లుగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటి జోలికి వెళ్లలేదు. మనం కొట్టే ప్రతి పాస్‌వర్డ్‌నీ చూసే ప్రోగ్రాం ఎమ్యులేటర్. ఎవరు మార్చారో తెలియని దాన్ని ఎలా పెట్టుకుంటాం? ఇక నా ముందు మిగిలినవి రెండు. ఒకటి విస్టా టీఎన్3270, ట్రయల్ అయ్యాక కొనుక్కోవాలి. రెండోది ఉచితంగా, సోర్స్‌తో సహా దొరికే ఎక్స్3270 కుటుంబం. విండోస్‌కి అందులో డబ్ల్యూసీ3270 ఉంటుంది.

రెండిట్లో ఏది అందంగా ఉంది అన్నది నాకు లెక్కలోకి రాలేదు. కీబోర్డ్ ఎలా పనిచేస్తుందన్నదే చూశాను. ఐబీఎం ఎమ్యులేటర్‌లో మామూలుగా కుడి పక్క కంట్రోల్ కీ కొడితే ఎంటర్. పెద్ద ఎంటర్ కీ కొడితే కర్సర్ కింది లైన్‌కి దిగుతుందంతే. ఎడమ కంట్రోల్ కొడితే రీసెట్, అంటే బిగుసుకున్న కీబోర్డ్ వదులుతుంది. ఏళ్ల తరబడి చిటికెన వేలు కుడి కంట్రోల్ మీదకే పోయేది. ఇప్పుడు నా కొత్త లాప్‌టాప్‌లో ఆ చోట కోపైలట్ కీ కూర్చుంది! 2024 నుంచి వస్తున్న విండోస్ లాప్‌టాప్‌లు చాలావాటిలో ఇదే వరస. పైన ఎఫ్7, ఎఫ్8 చూస్తే అవి వాల్యూం, బ్రైట్‌నెస్ పనులకి పోయాయి. మెయిన్‌ఫ్రేమ్‌లో పేజీ పైకి కిందకి జరిపేది పీఎఫ్7, పీఎఫ్8 తోనే, అంటే ఈ ఎఫ్7, ఎఫ్8 కీలతోనే. లిస్టింగ్ చదువుతూ కిందకి పోదామని కొడితే తెర వెలుగు తగ్గిపోతుంది. ఎఫ్ఎన్ లాక్ (ఎఫ్ కీలని ఎఫ్ కీలుగానే పనిచేయించే సెట్టింగ్) వేసి దాన్ని సరిచేసుకున్నాను. కుడి కంట్రోల్ కోసం యూఎస్‌బీ కీబోర్డ్ కొనొచ్చు. నేను కొనలేదు.

లేని కీ కోసం ఏడవడం కంటే పెద్ద ఎంటర్‌నే ఎంటర్‌గా వాడటం మేలనిపించింది. డబ్ల్యూసీ3270లో అది మొదటినుంచీ అలాగే ఉంటుంది. కోబాల్ ఎడిట్ చేసేటప్పుడు కింది లైన్‌కి దిగడానికి వేరే కీ కట్టుకున్నాను. కీమ్యాప్ (ఏ కీ కొడితే ఏ పని జరగాలో రాసిన జాబితా) మామూలు టెక్స్ట్ ఫైల్ కాబట్టి నోట్‌ప్యాడ్‌లో రాసుకుంటే సరిపోయింది. ఇక్కడే నాకు విషయం తేలిపోయింది, విస్టా ట్రయల్ పూర్తయ్యేదాకా ఆగలేదు.

డబ్ల్యూసీ3270లో కనెక్షన్ వివరాలు పెట్టుకునే సెషన్ విజార్డ్‌లో హోస్ట్, పోర్ట్, మోడల్ (తెర సైజు), క్యారెక్టర్ సెట్ ఉంటాయి. హోస్ట్ ఈ కంప్యూటరే, పోర్ట్ కూడా గుర్తుండేదే, 3270. మోడల్ 2 అంటే 24 లైన్లు, 80 కాలమ్స్. మోడల్ 4లో 43 లైన్లు పడతాయి, కోబాల్ చదవడానికి సుఖం. మోడల్ 5లో 27 లైన్లే గానీ వెడల్పు 132, కంపైల్ లిస్టింగ్ పక్కకి జరపకుండా కనిపిస్తుంది. చిన్న లాప్‌టాప్ తెర మీద అది పెడితే నాకు కళ్లజోడుతో కూడా ఆనలేదు. మోడల్ 4 దగ్గర ఆగాను.

క్యారెక్టర్ సెట్ దగ్గర చాలామంది ఆగకుండా ముందుకు పోతారు. సీ భాషలో రాసిన ప్రోగ్రాములు చూసేవాళ్లు మాత్రం ఆగాలి. ఏ విలువ ఏ అక్షరమో చెప్పే పట్టికని కోడ్ పేజీ అంటారు. కోడ్ పేజీ 1047లో [ గుర్తు హెక్స్ ఏడీ, ] గుర్తు బీడీ. అవే విలువలు కోడ్ పేజీ 037లో నెత్తిన గీత ఉన్న వై అక్షరం, రెండు చుక్కలు అవుతాయి. అర్రే డిక్లరేషన్ చూస్తే ఏదో యూరప్ భాషలా ఉంటుంది. ఎక్స్3270లో బ్రాకెట్ అనే సెట్టింగ్ ఉన్నది ఇందుకే, అదే డిఫాల్ట్ కూడా. దాన్ని కదపలేదు.

లాగిన్ తెర వచ్చింది. రాయదగ్గ చోటు ఆకుపచ్చ, ముట్టుకోకూడనిది నీలం. నీలం మీద ఒక అక్షరం కొట్టి చూశాను. కింద ఎక్స్ గుర్తు పడి కీబోర్డ్ బిగుసుకుపోయింది, రీసెట్ కొట్టాక వదిలింది. సరిగ్గా ఆఫీసులోలాగే! ఇది కావాలనే కదా ఇంత చేసింది.

ఇంట్లో ఈ సెటప్ సొంత సిస్టంకి చాలు. కానీ టీకే4లో ఐఎస్‌పీఎఫ్ (ఆఫీసు మెయిన్‌ఫ్రేమ్‌లో ప్రోగ్రాములు ఎడిట్ చేసే మెనూ తెరలు) లేదు, అలాంటి ఎడిటర్ మాత్రమే ఉంది. కోబాల్ కంపైలర్ కూడా మరీ పాతది, ఇఫ్‌ని ముగించే ఎండ్-ఇఫ్ రాస్తే ఒప్పుకోదు. ఉద్యోగం వచ్చాక ఇదే ఎమ్యులేటర్‌తో కంపెనీ మెయిన్‌ఫ్రేమ్‌కి కనెక్ట్ అవుతానంటే కుదరదు. వాళ్ల వీపీఎన్, వాళ్లిచ్చిన ఎమ్యులేటర్ వాడాల్సిందే. మాక్ ఉన్నవాళ్లు హోమ్‌బ్రూ (మాక్‌లో ప్రోగ్రాములు దింపుకునే సాధనం) లో ఎక్స్3270 అని వెతికితే టెర్మినల్ విండోలోనే నడిచే సీ3270 వస్తుంది. కీమ్యాప్ మాత్రం ఎవరి వేళ్లకి తగ్గట్టు వాళ్లు రాసుకోవాలి.