నడిమధ్య గుంత పడిన టార్చిలైటు

పోయిన దసరాకి ఊరికి వెళ్తూ నాయనకి ఒక చిన్న టార్చిలైటు తీసుకెళ్ళాను. ఒకే సెల్లు, ఛార్జింగ్‌ది, పిడికిలి మూస్తే కనపడదు, అంత చిన్నది. మాది చిత్తూరు వైపు పల్లె. చెనక్కాయ కాయ గట్టిపడే వేళకి అడవి పందులు దిగుతాయి, ఒక్క రాత్రి కావలి తప్పితే తెల్లారేసరికి చేను ఎవరో దున్నిపోయినట్టు ఉంటుంది. అందుకని ఆ నెలన్నర నాయన పడక మంచె మీదే. ఇంట్లో మూడు సెల్లుల పాత బ్యాటరీ లైటు ఒకటి ఉంది గానీ, అది లైటు కంటే రోకలిబండగానే ఎక్కువ పనికొస్తుంది.

రెండో రోజు పొద్దున్నే నాయన వచ్చి కొత్త లైటు నా చేతిలో పెట్టాడు. "ఏమిరా ఇది, నడిమధ్య గుంత పడుండాది. నేను చూడాల్సిన చోటే చీకటిగా ఉండాది."

నాకు కోపం వచ్చింది. అట్ట మీద అన్ని ల్యూమెన్లు అని రాసి ఉంది, ముసలాయనకి వాడటం తెలీలేదు అనుకున్నాను. రాత్రి వసారా గోడ మీద వేసి చూస్తే ఆయన చెప్పింది నిజమే. మధ్యలో మసక మచ్చ, దాని చుట్టూ వడ లాగా గుండ్రంగా తెల్లటి వెలుగు, ఆ వడ అంచున పసుపు. అది కూడా సరైన గుండ్రం కాదు, ఒక పక్కకి లాగినట్టు నేరేడు పండు ఆకారం. మరీ దగ్గరగా గోడ మీద వేస్తే మంచి లైట్లలో కూడా కొంచెం గుంత కనపడుతుంది, అది తప్పు కాదు. అందుకే వీధిలోకి వెళ్ళి ఎదురింటి వాళ్ళ గోడ మీద వేశాను, పదిహేను అడుగుల పైన దూరం. అక్కడా వడే.

ఒక సంగతి చెప్పాలి. ల్యూమెన్లు అంటే లైటులోంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తుందనే లెక్క మాత్రమే, అది ఎక్కడ పడుతుందో ఆ అంకె చెప్పదు. బకెట్లో ఎన్ని లీటర్లున్నాయో చెప్పి, నీళ్ళు మొక్క మొదట్లో పోశావా గట్టు మీద పోశావా అనేది చెప్పనట్టు. మనం అట్ట మీద అంకె చూసి కొంటాం, చేలో నడిచే మనిషికి కావాల్సింది రెండోది.

పాత బల్బు లైటుకీ ఎల్ఈడీకీ తేడా ఇక్కడే ఉంది. బల్బులో ఫిలమెంటు అన్ని వైపులా వెలుగు చిమ్ముతుంది కాబట్టి రిఫ్లెక్టర్, అదే మెకానిక్కులు డూమ్ అంటారే అది, ఎక్కువ భాగం వెలుగుని పట్టి ముందుకి తోస్తుంది. ఎల్ఈడీ ముందువైపే వెలుగుతుంది. అందులో చాలా భాగం రిఫ్లెక్టర్‌కి తగలకుండానే నేరుగా బయటికొచ్చి పక్కలకి పరుచుకుంటుంది, మిగతాది రిఫ్లెక్టర్‌కి తగిలి మధ్యలో గట్టి చుక్కగా పడుతుంది. ఆ చుక్క సరిగ్గా పడాలంటే ఎల్ఈడీ రిఫ్లెక్టర్ ఫోకస్ దగ్గర కూర్చోవాలి. చిన్న లైట్లలో రిఫ్లెక్టర్ చిన్నది, ఫోకస్ ఇంకా దగ్గర, అర మిల్లీమీటరు తేడా వచ్చినా చుక్క విచ్చుకుని వడ అయిపోతుంది. పసుపు అంచుకి కారణం వేరు. తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి నీలం ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత. పక్కలకి ఏటవాలుగా వచ్చే వెలుగు ఆ పూతలో ఎక్కువ దూరం ప్రయాణించి పసుపెక్కుతుంది, రిఫ్లెక్టర్ దాన్ని పోగుచేసి వలయంగా చూపిస్తుంది.

హైదరాబాద్ తిరిగొచ్చాక విప్పాను. (నాయన లైటు ఇచ్చేటప్పుడు "విప్పితే మళ్ళీ బిగించేది వస్తుందా" అని అడిగాడు. చిన్నప్పుడు రేడియో విప్పిన కథ ఆయన ఇంకా మర్చిపోలేదు.) ముందువైపు రింగు తిప్పితే గ్లాసు, ఒక రబ్బరు రింగు, రిఫ్లెక్టర్, దాని కింద ఎల్ఈడీ చుట్టూ కూర్చునే తెల్ల ప్లాస్టిక్ బిళ్ళ, అంతే. అసలు పని అంతా ఆ బిళ్ళదే. ఎల్ఈడీని మధ్యలో నిలబెట్టేది అదే, రిఫ్లెక్టర్ ఎంత ఎత్తులో ఉండాలో తేల్చేదీ అదే. నా లైటులో బిళ్ళ మధ్య కన్నం ఎల్ఈడీ కంటే పెద్దది. ఇంకో మోడల్ ఎల్ఈడీ కోసం చేసిన బిళ్ళని దీనికి వేసేశారు. ఎల్ఈడీ ఒక మూలకి జరిగి కూర్చుంది, నేరేడు పండు గుట్టు అదన్నమాట.

బిళ్ళ మందం ఎక్కువైందా తక్కువైందా తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. లైటు వెలిగించి గోడ మీద వేసి, ముందు రింగుని అర చుట్టు వదులు చేసి, లైటు మూతి కిందికి వంచాలి. రిఫ్లెక్టర్ కొంచెం ముందుకి జారుతుంది. గుంత తగ్గితే రిఫ్లెక్టర్ ఇంకా పైకి రావాలని, అంటే బిళ్ళ కింద పలచటి వాషరు ఒకటి వెయ్యాలి. గుంత పెరిగితే బిళ్ళ అరగదియ్యాలి. నాది పెరిగింది.

ఇక్కడ ఒక తెలివితక్కువ పని చేశాను. గాజు పలక మీద సన్న గరుకు కాగితం పరిచి బిళ్ళని వేలితో రుద్దడం మొదలుపెట్టాను, కొంచెం రుద్దడం, పెట్టి చూడటం. మూడోసారికి వడ మధ్య బాగా పూడింది. ఆ ఊపులో ఇంకో నాలుగు రుద్దులు రుద్దాను. బిగించి స్విచ్ నొక్కితే ఒకసారి మిణుక్కుమని ఆగిపోయింది, పది సెకన్లలో లైటు ఒళ్ళంతా వేడి. రిఫ్లెక్టర్ అల్యూమినియం, బిళ్ళ పలచబడేసరికి దాని అడుగు వెళ్ళి ఎల్ఈడీ పక్కనున్న రెండు సోల్డర్ చుక్కలకీ తగిలి షార్ట్ చేసింది. వెంటనే వెనక మూత తిప్పి సెల్లు బయటికి తీసి సిమెంటు గచ్చు మీద పెట్టి దూరంగా నిలబడ్డాను. లిథియం సెల్లుతో ఇలాంటి ఆటలు వద్దు. ఇప్పుడైతే ముందుగా సోల్డర్ చుక్కల మీద, మొబైల్ రిపేర్ వాళ్ళు వాడే పసుపు హీట్ టేపు ముక్కలు అంటించి గానీ దేన్నీ బిగించను. అదే టేపుని సన్నగా కోసి బిళ్ళ కన్నంలో రెండు పక్కల కుక్కితే ఎల్ఈడీ కూడా మధ్యకి వచ్చింది. అదృష్టం కొద్దీ డ్రైవర్, అంటే ఎల్ఈడీకి కరెంటు సరిచేసి అందించే చిన్న సర్క్యూటు, బతికింది.

రిఫ్లెక్టర్ లోపల మాత్రం వేలు పెట్టకండి, బట్టతో తుడవకండి. ఆ మెరుపు పూత ఎంత పలచనంటే, ఇంతకు ముందు ఇంకో లైటులో దుమ్ము పడిందని బనియను గుడ్డతో ఒక్కసారి తుడిస్తే గీతలు పడి పనికిరాకుండా పోయింది. నోటితో కూడా కాదు, రబ్బరు ఊదుడు బుడ్డితో ఊదండి.

ఇప్పుడు వడ పోయింది, మధ్యలో గట్టి చుక్క వచ్చింది. పసుపు వలయం ఉండిపోయింది. నారింజ తొక్క లాగా గరుకు గరుకుగా ఉండే రిఫ్లెక్టర్ వేస్తే అది కలిసిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో మధ్యాహ్నమంతా తిరిగాను, నా కొలతది దొరకలేదు. తిరుగుతూ ఉంటే ఇంకో సందేహం పట్టుకుంది, అసలు నాయనకి ఆ గట్టి చుక్క ఎందుకు అని. పంది వంద అడుగుల అవతల ఉంటే చప్పుడుతోనే తెలుస్తుంది. కట్లపాము అలా కాదు, గట్టు మీద కాలు పెట్టే చోట ఉంటుంది. కళ్ళు చెదిరే చుక్క ముందు పడితే దాని పక్కన రెండడుగుల్లో ఏముందో కంటికి ఆనదు. జూమ్ లైట్లతోనూ ఇదే గొడవ. మూతి బయటికి లాగితే ఎల్ఈడీ చిప్పు బొమ్మే చతురస్రంగా వెళ్ళి చెట్టు మీద పడుతుంది, కాళ్ళ దగ్గర చిమ్మచీకటి. ఎల్ఈడీ మీది గుమ్మటాన్ని కోసేసి ఇంకా దూరం కొట్టేలా చేసుకునే మహానుభావులు ఉన్నారు, వాళ్ళ సరదా వాళ్ళది.

చివరికి పని చేసింది బాత్రూమ్ కిటికీ. అంటే కిటికీ అద్దాలకి అంటించే గరుకు స్టిక్కరు. మా ఇంట్లో మిగిలిన ముక్క మీద లైటు గ్లాసు బోర్లించి, పెన్సిల్‌తో గీత గీసి, కత్తెరతో గుండ్రంగా కత్తిరించి గ్లాసు బయటివైపు అంటించాను. లోపలివైపు అంటిస్తే వేడికి జిగురు కరిగి పాడవుతుందని నా భయం. మెరుపు లేని తెల్ల టేపు, స్టేషనరీ షాపులో మ్యాజిక్ టేపు అని ఇస్తారు చూడండి, ఒక్క పొర అంటించినా దాదాపు ఇదే ఫలితం. మొత్తం పని రెండు నిమిషాలు. వడ, వలయం, చుక్క అన్నీ పోయి మెత్తగా, మధ్యలో కొంచెం ఎక్కువగా, అంచులకి మెల్లగా తగ్గుతూ వెలుగు పరుచుకుంది. రెండు ఆదివారాలు బిళ్ళ అరగదీసిన వాడికి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దూరం ఎంత పోయిందో చూద్దామని ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకున్నాను. లక్స్ అంటే ఒక చోట ఎంత వెలుగు పడుతుందనే కొలత. ఫోన్ సెన్సార్ చెప్పే అంకె అంత నమ్మదగ్గది కాదు గానీ ముందూ వెనకా పోల్చుకోవడానికి చాలు. మూడు మీటర్ల దూరంలో స్టిక్కరు లేకుండా 410 లక్స్, స్టిక్కరుతో 120. దూరాన్ని దూరంతోనే గుణించి, అంటే 9తో, లెక్కేస్తే 3690 క్యాండెలా, 1080 క్యాండెలా. క్యాండెలా అంటే ఒక దిక్కుకి వెలుగు ఎంత గట్టిగా కొడుతుందనే కొలత. లైటు అట్టల మీద రాసే బీమ్ దూరం అంటే వెలుగు 0.25 లక్స్‌కి, దాదాపు పున్నమి వెన్నెల అంతకి, తగ్గే చోటు. క్యాండెలాకి వర్గమూలం తీసి రెట్టింపు చేస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది. మొదటిది 121 మీటర్లు, రెండోది 66. వెలుగు మూడో వంతు కూడా మిగల్లేదు, దూరం మాత్రం సగం పైనే మిగిలింది. వెన్నెలంత వెలుగులో పందిని పోల్చుకోవడం కష్టం కాబట్టి నిజంగా పనికొచ్చే దూరం ఇందులో సగం కూడా కాదు, మా చేనుకి అది చాలు.

సంక్రాంతికి తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పటికి చెనక్కాయ ఇంటికొచ్చేసింది, కావలి లేదు, వరి మడికి నీళ్ళు కట్టడానికి రాత్రి పూట వెళ్తున్నాడు. గట్టు మీద బాగుందన్నాడు, బావి దగ్గర్నుంచి చేను ఆ చివర మడవ తెగిందో లేదో మాత్రం కనపడటం లేదన్నాడు. మూడో రోజు చూస్తే స్టిక్కరు సగం లేదు, గోటితో గీకి ఒక పక్కంతా పీకేశాడు. తిట్టబోయి మళ్ళీ వీధిలోకి వెళ్ళి గోడ మీద వేసి చూశాను. మధ్యలో చుక్క ఉంది, కాకపోతే మెత్తబడింది. దాని చుట్టూ పరుచుకున్న వెలుగూ ఉంది. ఫోన్ పెడితే 240 లక్స్, అంటే 93 మీటర్లు. గ్లాసులో సగం గుండా వెళ్ళే వెలుగు చుక్కకి పోతోంది, మిగతా సగం చిందుతోంది. సగం కప్పి చూద్దామని నాకెందుకు తట్టలేదో.

పీకేసిన ముక్క పడెయ్యలేదు, అమ్మ సెల్‌ఫోన్ టార్చి మీద అంటించి పెట్టాడు, పేడ తీసేటప్పుడు ఆవు కళ్ళలో పడకుండా.