రక్తంలోనే ఉందట

ప్రీఫైనల్ లెక్కల పరీక్షలో మా కవలలిద్దరికీ దెబ్బే తగిలింది. పిల్ల కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని జంతికల డబ్బా దగ్గర చేరింది. పిల్లవాడు కలిపిన పెరుగన్నం కంచంలోనే వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దానికంటే, ఫోనులో పిన్ని “వాడికి మా బావగారి పోలికే వచ్చిందే, ఆ బెంగ మీ రక్తంలోనే ఉంది” అన్న తీరే పదకొండున్నర దాటినా చెవిలో గింగురుమంటోంది.

ఆవిడ మాట తప్పని తేల్చాలనే చదవడానికి కూర్చున్నాను. తీరా చూస్తే కొంత ఆవిడ పక్షానే ఉంది. ఒకే జన్యువులున్న కవలలను, మా వాళ్ళలా సగటున సగం జన్యువులు పంచుకున్న కవలలను పోల్చిన పరిశోధనలన్నిటినీ 2015లో కలిపి చూస్తే, జీవితం పట్ల సంతృప్తిలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో సుమారు 32 శాతం జన్యువులదేనని తేలింది. అయితే అది గుంపు లెక్క; ఒక పిల్లవాడి బెంగలో ఇంత తాతది, ఇంత బడిది అని పంపకాలు చేయడానికి పనికిరాదు. మెదడులో సంకేతాలు మోసే సెరొటోనిన్ అనే రసాయనం రవాణాకు సంబంధించిన జన్యువు పొట్టి రూపం ఉన్నవారు కష్టాలకు త్వరగా కుంగిపోతారని 2003లో సంచలనం రేపిన ఫలితం కూడా తరువాతి పెద్ద పరిశీలనల్లో నిలవలేదు. అమెరికాలోని మిన్నెసోటాలో కవలలను పరిశీలించిన మనస్తత్వవేత్త డేవిడ్ లిక్కెన్ 1996లో, ఆనందం పెంచుకోవాలనుకోవడం పొడుగు పెరగాలనుకోవడం వంటిదేనని రాసి, ఆ మాట పొరపాటని తరువాత తానే ఒప్పుకున్నాడు. పిన్ని ఒప్పుకుంటుందా!

అయినా నాన్న పోలిక అంటే నాకు అంత ఉక్రోషమెందుకు? 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు కోనసీమలో కొబ్బరి తోటలు కూలినప్పుడు, మా చెట్లు కూడా పోయి, నాన్న మూడు రోజులు అరుగు మీద నుంచి కదలలేదు, సరిగా తినలేదు, ఎవరైనా పలకరిస్తే తల తిప్పుకునేవారు. నాలుగో రోజు పక్కింటి మామయ్య ఇద్దరు పట్టి లాగే రంపం తెచ్చి, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా, “రెండో పిడి పట్టుకో బావా” అన్నారు. నాన్న కండువా తలకు చుట్టుకుని లేచారు. సాయంత్రానికి వాకిలికి అడ్డంగా పడిన మాను మూడు ముక్కలైంది, నాన్న రెండుసార్లు అన్నం కలుపుకున్నారు.

ఆ వారమంతా మా ఇంట్లోనే ఉన్న పిన్నికి మొదటి మూడు రోజులే ఎలా గుర్తున్నాయో రేపు అడగాలి. ఇప్పటికి ఆ కంచం తీయాలి, చీమలు పట్టేలా ఉన్నాయి.