మొదటి గాటు ఎవరిది?

"తమ్ముడికి రంపం పట్టుకోవడమే రాదు కదా, గుమ్మడికాయకి మొదటి గాటు వాడెందుకు పెట్టాలి?" అని పదకొండేళ్ల కూతురు అడిగితే నా దగ్గర జవాబు లేదు. నిండు గుమ్మడికాయ ఆడవాళ్లు కొట్టకూడదని మా అమ్మమ్మ అనేది. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. "రంపం పదునమ్మా, అందుకే" అని బుకాయించాను. ఆరేళ్లవాడి చేతిలో పెడితే మొద్దుబారిపోతుందా ఏమిటి!

అమెరికాలో, న్యూ హాంప్‌షైర్‌లో ఉంటూ అక్టోబరులో గుమ్మడికాయను తప్పించుకోలేం. హాలోవీన్ పండక్కి కాయని తొలిచి, మొహం చెక్కి, లోపల దీపం పెడతారు. కీన్ ఊళ్లో 1991లో మొదలైన గుమ్మడికాయల పండగ 2013లో 30,581 వెలిగించిన కాయలతో గిన్నిస్ రికార్డు కొట్టింది. ఊరి జనం కంటే కాయలే ఎక్కువ. నడిబొడ్డున ఎత్తుగా పరంజాలు కట్టి వరసలుగా పేర్చారు. మరుసటి ఏడు కాలేజీ చుట్టుపక్కల పార్టీలు అల్లర్లయ్యాయి, ఆ పై ఏడు ఊరు అనుమతి ఇవ్వలేదు. 2017లో పిల్లల కోసమని చిన్నగా మళ్లీ పెట్టారు.

ప్రదర్శనకి పంపే కాయని రెండు రోజుల కంటే ముందు కోయకండి. నాలుగైదు రోజులకే మొహం లోపలికి కుంగిపోతుంది, వెచ్చగా ఉంటే ఇంకా ముందే. గట్టి పచ్చ తొడిమ, చదునైన అడుగు చూసి కొనండి. తొడిమ పట్టుకుని ఎత్తితే ఊడొస్తుంది. బ్యాటరీ దీపమైతే అడుగునే కోయండి, పైన తొడిమ చెక్కుచెదరదు. కొవ్వొత్తి అయితే పైన మూత కోయాలి, అదీ ఏటవాలుగా. నిలువుగా కోస్తే లోపలికి జారిపడుతుంది. వెలిగించి ఒక నిమిషం మూత పెట్టి, నల్లబడ్డ చోట పొగ పోవడానికి చిల్లు చేయండి.

మొహం వైపు గోడ అంగుళం మందం మిగిలేదాకా గోకాలి. ఇంకా మందమైతే కోయడం కష్టం, పలచనైతే కుంగుతుంది. బొమ్మ కాగితం అతికించి, గీతల వెంట పిన్నుతో పొడిచి, ముందు కళ్లలాంటి చిన్న ముక్కలు, ఆఖర్న నోరు కోయాలి. పెద్ద కంత ముందే పడితే గోడకి బలముండదు. పళ్ల మొదళ్లు వెడల్పుగా ఉంచండి, సన్నవి ఒక్క రాత్రికే ముడుచుకుపోతాయి. గాలన్ నీళ్లకి పెద్ద చెంచాడు బ్లీచ్ కలిపి ముంచి ఆరబెడితే బూజు కాస్త ఆలస్యమవుతుంది. ఈ కాయతో పులుసు పెట్టకండి, పీచూ నీళ్లూ తప్ప రుచి ఉండదు. పులుసుకి చిన్న షుగర్ పంప్‌కిన్ తెచ్చుకోండి.

ఇంత సలహా ఇస్తున్నానా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది నేనే. మన బూడిద గుమ్మడికాయ గుమ్మానికి కట్టేది దిష్టికి. ఐర్లండులో మొదట టర్నిప్ దుంపలకి మొహాలు చెక్కి పెట్టిందీ దయ్యాలు రాకుండానే. అదే చెప్పి, "చూశావా, రెండూ ఒకటే" అన్నాను. "అయితే ఐర్లండు అమ్మాయిలు కోశారా, లేదా?" అంది. వెతుకుతున్నాను.

మా ఇంట్లో నలుపు చీర కొంటాను, మంగళవారం గోళ్లు తీస్తాను, అమావాస్య నాడు కారు కొన్నాం. ఈ ఒక్క కాయ దగ్గర మాత్రం చెయ్యి ఆగుతుంది. ఈసారి ముందు ఎవరు కోస్తారో ఇంకా తేలలేదు. రంపాలు మాత్రం రెండు కొన్నాను.