యుద్ధపాటలో ఒక కాలి గాయం
గత వారం రాత్రుళ్లు మెక్సికోలోని అజ్టెక్ ప్రజలు తమ నాహువాత్ల్ భాషలో కట్టిన పాటల అనువాదాలు చదువుతూ గడిపాను. యుద్ధగీతాలంటే విజయఘోషలే ఉంటాయనుకుని మొదలుపెట్టిన నన్ను, అజ్టెక్ రాజుల ముఖ్య సలహాదారు త్లకాయెలెల్ కుమార్తె మకుయిల్‌షోచిత్సిన్ రచనగా పండితులు భావించే ఒక పాట చాలాసేపు కదలనివ్వలేదు. 15వ శతాబ్దపు అజ్టెక్ పాలకుడు అషాయాకత్ల్ జయించిన ఊళ్ల పేర్లు చెబుతూ సాగిన ఆ పాట, ఉన్నట్టుండి ఆయన కాలికి తగిలిన గాయం దగ్గర ఆగుతుంది. గాయపరిచినవాడు త్లిలత్ల్ అనే, ఒటోమి జాతికి చెందిన శత్రు యోధుడు. తనను పిలిపించగానే ఇక చావు తప్పదనుకుని, ఒక పెద్ద దుంగనూ జింకచర్మాన్నీ కానుకగా పట్టుకుని అతడు భయపడుతూ వచ్చాడనీ, అతని ఇంటి ఆడవాళ్లే అతని తరఫున రాజును వేడుకున్నారనీ పాట చెబుతుంది. ఓడినవాడి పేరునూ, వాడి ఆడవాళ్ల విన్నపాన్నీ గెలిచినవారి పాటే భద్రపరచడం నాకు ఊళ్ల జాబితా కన్నా విలువైన సాక్ష్యంగా తోచింది.

ఈ పాట మెక్సికో జాతీయ గ్రంథాలయంలోని 16వ శతాబ్దపు రాతప్రతిలో మిగిలింది. అందులో కొన్ని పాటలకు డప్పు దరువులను కూడా ‘తికో, తోకో’ వంటి అక్షరాలతో రాసి పెట్టారు. (పైకి పలికి చూస్తే ఇంట్లోవాళ్లు నవ్వారు.) 1521 ఆగస్టులో అజ్టెక్ రాజధాని తెనోచ్‌తిత్లాన్ స్పానిష్ సేనల చేతిలో పడిపోవడం గురించిన పాట కూడా ఆ ప్రతిలోనే ఉంది. అందులో జయించిన ఊళ్లు లేవు. పక్క నగరమైన త్లతెలోల్కోలో రాలుతున్న కన్నీళ్లు, సరస్సు మీదుగా పారిపోతున్న మెషికా (అజ్టెక్) జనం ఉన్నారు.